మోడెమ్ మార్చే ముందు అడగవలసిన ప్రశ్న

ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్నా, మోడెమ్ ఏది కొనాలన్న ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. కంపెనీ ఇచ్చిన పెట్టె నచ్చక, షాపులో ఇంతకంటే మంచిది కనబడి, కొనొచ్చా కొనకూడదా అని మనవాళ్ళు ఫోన్ చేస్తూ ఉంటారు. జవాబు పెద్ద కష్టమేమీ కాదు. గోడకున్న ఫైబర్ పెట్టె నుంచి వచ్చే తీగ పట్టే పోర్టు దాని వెనక ఉండాలి. మీ కంపెనీ అడిగే ట్యాగ్ నంబరు సెట్టింగుల్లో వేసుకునే వీలుండాలి. ఇండియా నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న వాటితో ఎక్కువగా ఇక్కడే పేచీ వస్తుంది. ఈ రెండూ కుదిరితే ఇంటర్నెట్ వస్తుంది. ఇంటర్నెట్ వస్తే మోడెమ్ సరిపోయిందని అందరూ అనుకుంటారు. నేను చెప్పబోయేది అలా సరిపోయిన మోడెమ్ గురించే.

ఆక్లాండ్‌కి దూరంగా, ఈ దేశపు దక్షిణపు కొసనున్న ఇన్వర్‌కార్గిల్‌లో ఒక చిన్న ఇంటర్నెట్ కంపెనీ కాల్ సెంటర్‌లో నేను పనిచేశాను. మా ఆయన పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పడానికి వస్తే వెంట వచ్చినదాన్ని. అంతకుముందు గుంటూరులో టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటర్‌ని. ఇక్కడ మొదట్లో నేనూ హెడ్‌సెట్ పెట్టుకుని కాల్స్ తీసుకున్నాను. చివరి సంవత్సరాల్లో నా పని వినడం. రికార్డయిన కాల్స్ విని, అడగవలసినవి అడిగారా, చెప్పవలసినవి చెప్పారా చూసి, నూటికి మార్కులు వేయాలి. అర మార్కు కూడా ఊరికే వేయనని నాకు పేరు. ఫ్లోర్ మీద పిల్లలు నన్ను స్పీడ్ కెమెరా అనేవాళ్ళు. నేను హాల్లోకి వస్తుంటే "స్లో డౌన్, కెమెరా వచ్చింది" అని ఎవరో ఒకరు గొణిగేవారు. ఆ పేరు మొదట పెట్టినవాడు నేను చెప్పబోయే అబ్బాయే.

అతనిది కరీంనగర్ వైపు. మా ఆఫీసు మొత్తంలో తెలుగు వచ్చినవాళ్ళం అతనూ నేనూ మాత్రమే. ఇక్కడ చదువుకోవడానికి వచ్చి, చదువుతూ పెట్రోల్ బంకులో పనిచేసి, ఆ తర్వాత మా దగ్గర చేరాడు. అతని వర్క్ వీసా మీద మా కంపెనీ పేరు రాసి ఉంటుంది. అంటే మా దగ్గర ఉద్యోగం పోతే, ఈ దేశంలో ఉండే వీలు కూడా దాని వెంటే పోతుంది. ఇక్కడే స్థిరపడటానికి రెసిడెన్సీకి దరఖాస్తు పెట్టి ఎదురుచూస్తున్నాడు. చలికాలం పొద్దున కారు అద్దం మీద పేరుకున్న మంచుని లైబ్రరీ కార్డుతో గీకుతుండేవాడు. దానికోసం అమ్మే గీకుడు చెక్క ఒకటి కొనుక్కోమని నేను చెప్తే, "రెసిడెన్సీ వచ్చినంక కొంట ఆంటీ. ముందే కొంటే ఉంటనని గ్యారంటీ ఇచ్చుకున్నట్టు అయితది, దిష్టి తగుల్తది" అనేవాడు. నవ్వుతూ అన్నా, కొనలేదు.

మోడెమ్‌ల విషయంలో మాత్రం అతన్ని మించినవాడు ఆ ఫ్లోర్ మీద లేడు. బయట కొన్న మోడెమ్ పేరు చెప్తే చాలు, దాని వెనక ఏ రంధ్రం ఎక్కడుందో చూడకుండా చెప్పేవాడు.

ఇప్పుడు ఒక నిబంధన గురించి చెప్పాలి. ఈ రోజుల్లో ఇంటి ఫోన్ మోడెమ్‌లోంచే నడుస్తుంది. మోడెమ్ మార్చి బయటిది పెడితే ఇంటర్నెట్ వస్తుంది, ఫోన్ ఆగిపోతుంది. ఎవరికీ పట్టదు, ఎందుకంటే ఇంటి ఫోన్ ఎవరూ వాడరు. కానీ ఇక్కడ పగలు ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు కొందరు మెడలో ఒక బటన్ వేసుకుంటారు. కింద పడితే దాన్ని నొక్కాలి. మంచం పక్కనున్న చిన్న పెట్టె ఇంటి ఫోన్ లైను మీద సహాయ కేంద్రానికి డయల్ చేస్తుంది, వాళ్ళు అంబులెన్సు పంపుతారు. కొత్తవాటిలో సిమ్ కార్డు ఉంటుంది. పాతవాటికి ఫోన్ లైనే ప్రాణం. అందుకని, మోడెమ్ మారుస్తామని ఎవరు ఫోన్ చేసినా మేం తప్పకుండా అడగవలసిన ప్రశ్న ఒకటి ఉండేది: ఆరోగ్యం వల్ల గానీ, ఇంకే ప్రమాదం వల్ల గానీ, ఉన్నట్టుండి అంబులెన్సును పిలవవలసి వచ్చే మనిషి మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా? మిగతా కాల్ ఎంత బాగా చేసినా, ఈ ప్రశ్న వదిలేస్తే మార్కు సున్నా. ఆ అబ్బాయి దాన్ని ఇంగ్లీషులో రోజంతా అడిగేవాడు. పేరు, అడ్రసు అడిగినట్టే అడిగేవాడు. అతను దాన్ని వదిలేయగా నేను చెప్పబోయే కాల్‌కి ముందు ఎప్పుడూ వినలేదు.

ఆ కాల్ ఆక్లాండ్ శివారు టకానిని నుంచి వచ్చింది. తేదీ, వారం, నిడివి నా దగ్గర ఉన్నాయి. ఇక్కడ వేయను, ఆ ఇంటివాళ్ళు ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నారు. కొత్తగా ప్లాట్లు వేసిన సబ్‌డివిజన్‌లో రెండంతస్తుల ఇల్లు. ఫైబర్ పెట్టె గరాజ్‌లో ఉంది, మోడెమ్ దాని పక్కనే, వైఫై మేడమీదికి ఎక్కదు. ఇంటి కోడలు ఫోన్ చేసింది. కోస్తా మనిషి. అబ్బాయి ఇంగ్లీషులో తన పేరు చెప్పి పలకరించగానే ఆగి, "తెలుగువాళ్ళా బాబూ?" అంది.

"అవునాంటీ, చెప్పండి."

"బతికించావు. ఇందాకటి నుంచీ ఇంగ్లీషులో ఎలా చెప్పాలా అని కూడబలుక్కుంటున్నా. హాబ్సన్‌విల్‌లో మా ఆడపడుచు వాళ్ళు బయట మోడెమ్ కొని పెట్టుకున్నారు. వాళ్ళింట్లో బాత్రూములో కూడా సినిమా వస్తోంది. మా ఇంట్లో మెట్లెక్కితే వాట్సాప్ కూడా రాదు. అదే మేమూ తీసుకోవచ్చా?"

అక్కడి నుంచి అతను చేసినదంతా పాఠంలా ఉంటుంది. ఆ మోడెమ్ పేరు చదివించాడు. అందులో రెండు రకాలు ఉన్నాయని, ఒకటి పాత రాగి తీగలకు చేసినదని, అది తెస్తే డబ్బు దండగని చెప్పాడు. పెట్టె వెనక నీలం పోర్టు ఉన్నదే కొనమన్నాడు. ట్యాగ్ నంబరు ఎక్కడ వేయాలో చెప్పి, ఆమె చేత తిరిగి చెప్పించాడు. ఆ తర్వాత అడిగాడు: "ఇంటి ఫోన్ ఉన్నదా ఆంటీ?"

"ప్లాన్‌తో ఇచ్చారు, ఉంది. దానికి ఎవరు చేస్తారు, సర్వేల వాళ్ళు తప్ప?"

"కొత్త మోడెమ్ పెడితే అది పనిచెయ్యదు మరి."

"పోతే పోనీ. పీడా వదుల్తుంది."

ఇక్కడ వెనక నుంచి ఒక ముసలి గొంతు వినిపిస్తుంది. "ఎవరమ్మా?" అని. "నెట్ వాళ్ళు అత్తయ్యా, తెలుగబ్బాయి" అంది కోడలు. ఆ గొంతు దగ్గరకు వచ్చింది. "తెలుగబ్బాయా? భోజనం చేశాడో లేదో అడుగు."

అబ్బాయి నవ్వాడు. "తిన్ననని చెప్పండి ఆంటీ, అమ్మమ్మకి."

తర్వాత కొంచెం సేపు కీబోర్డు చప్పుడు. స్క్రీన్ మీద అతనికి ఆ తప్పనిసరి ప్రశ్న వచ్చి ఉంటుంది. "ఇంకొకటి ఆంటీ. మీ ఇంట్ల ఎవరికన్నా..." అని మొదలుపెట్టి ఆగాడు. "ఏం లేదులెండి ఆంటీ. అంతే. పనిచేస్తది, కొనుక్కోండి."

ఆమె థాంక్స్ చెప్పింది. టకానిని వస్తే భోజనానికి రమ్మంది. కాల్ అయిపోయింది.

మోడెమ్ కొన్నారు. పనిచేసింది. మేడమీద కూడా ఇంటర్నెట్ వచ్చింది. అత్తగారు ఆ మధ్యే తుంటి విరిగి ఆస్పత్రిలో ఉండి వచ్చారు. మెడలో బటన్, మంచం పక్కన పెట్టె అప్పుడు కొడుకు పెట్టించినవే, పాత రకానివి. ఆ పెట్టె ఇంటి ఫోన్ తీగ మీద నడుస్తుందని కోడలికి తెలియదు. బటన్ గాల్లోంచే పనిచేస్తుందనుకుంది. లైను పోయాక పెట్టె మీద ఎర్ర దీపం వెలిగింది. దాని ముందు ఉతికిన దుప్పట్ల దొంతర ఉంది.

ఒక పనిదినం పొద్దున, కొడుకు రైలెక్కి సిటీకి, కోడలు తన పనికి, మనవరాలు స్కూలుకి వెళ్ళాక, ఆవిడ స్నానాల గదిలో పడిపోయారు. మధ్యాహ్నం మనవరాలు వచ్చేదాకా చలి టైల్స్ మీదే ఉన్నారు. బటన్ పిడికిట్లోనే ఉందట. కొన్నాళ్ళు ఆస్పత్రిలో ఉన్నాక చనిపోయారు.

కొడుకు మా కంపెనీకి రాశాడు. మీ మనిషి పనిచేస్తుందని చెప్పాడు, మేం నమ్మాం అని. అతను రాసింది అంతే.

ఆ రోజే టీమ్ లీడర్ అబ్బాయిని పిలిచాడు. టీమ్ లీడర్ మా ఊరున్న ఈ సౌత్‌ల్యాండ్ ప్రాంతం మనిషే, ఒకప్పుడు స్తంభాలెక్కి రాగి తీగలు లాగినవాడు. మంచివాడు. ప్రశ్న అడిగావా అని అడిగితే అబ్బాయి మర్చిపోయానన్నాడు. అలాగే రాసి సంతకం పెట్టాడు. మర్చిపోవడానికి మా కంపెనీలో శిక్ష లిఖితపూర్వకమైన హెచ్చరిక. అంతకుముందు ఒకమ్మాయికి వచ్చింది. ఆమె ఉద్యోగంలోనే ఉంది. అతనికీ అంతటితో సరిపోతుందని టీమ్ లీడర్ నాతో అన్నాడు. కాల్ తెలుగులో ఉంది కాబట్టి, అందులో ఏముందో ఇంగ్లీషులో రాసివ్వమని ఆ పని నాకు ఇచ్చారు.

నేను ఆ కాల్‌ని చాలాసార్లు విన్నాను. మాటకు మాట రాశాను. ఆగిన చోట చుక్కలు పెట్టాను.

మీటింగుకి ముందు రోజు టీ గదిలో అబ్బాయి నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. టీ కలుపుకుని తాగలేదు.

"ఆ ముక్క కూడా రాస్తున్నరా ఆంటీ?" అన్నాడు. ఏ ముక్క అని నేను అడగలేదు.

"రాశాను."

"అది పూర్తి మాట కూడా కాదు కదా."

"కాదు. అందుకే చుక్కలు పెట్టాను."

కప్పుని బల్ల మీద తిప్పాడు. "నేను మర్చిపోయిన అని సంతకం పెట్టిన."

"చూశాను. రేపు నేను చదవకముందే, ఈ పూటే వెళ్ళి నిజం చెప్పు. నువ్వు చెప్తే ఒకటి, నా కాగితం చెప్తే ఇంకొకటి. అబద్ధపు సంతకం హెచ్చరికతో పోదు."

"ఏం చెప్పాలె?" అన్నాడు. గొంతు పెంచలేదు. "ఆ ముసలమ్మ అన్నం తిన్నవా అని అడిగిందాంటీ. పక్కనే నిలబడి వింటున్నది. మీ ఇంట్ల ఎవరికన్నా ప్రాణం మీదికి వస్తదా అని ఎట్ల అడుగుత? మా అమ్మ వింటే చెంప పగలగొడుతది. ఇది ఇంగ్లీషుల ఎట్ల చెప్తరు? చెప్పినా వాళ్ళకు ఏం సమజైతది?"

"ఇంగ్లీషులో నువ్వు రోజూ అడుగుతావు కదా."

"ఇంగ్లీషుల అడిగితే అడిగినట్టు ఉండదాంటీ."

అది నిజమేనని నాకు తెలుసు. ఆపరేటర్‌గా ఉన్న రోజుల్లో చావు కబురు తెచ్చే ట్రంకాల్‌ని మేం "అర్జెంటు" అనేవాళ్ళం. తెలుగు మాట వాడేవాళ్ళం కాదు. అయినా అతనితో మళ్ళీ అదే చెప్పాను, ఈ పూటే వెళ్ళమని. తలూపాడు. వెళ్ళలేదు. మర్నాటిలోపు ఏదో ఒకటి జరుగుతుందని అనుకున్నాడేమో, నాకు తెలియదు.

మర్నాడు మీటింగు గదిలో నలుగురం. ఆక్లాండ్ నుంచి మేనేజర్ వచ్చింది. ఆమె, టీమ్ లీడర్, అబ్బాయి, నేను. రికార్డింగ్ కొంచెం కొంచెంగా నడిపి, ఆపి, నేను ఇంగ్లీషులో చెప్తూ వెళ్ళాను. పోర్టు గురించి చెప్పినప్పుడు టీమ్ లీడర్, అక్కడ అతను ఒక్క తప్పు కూడా చేయలేదని అన్నాడు. మేనేజర్ రాసుకుంది. ముసలావిడ గొంతు వచ్చింది. "ఆ అబ్బాయి భోజనం చేశాడో లేదో అడుగు" అని అనువదించాను. మేనేజర్ తలెత్తి, "ఇది ఏదన్నా నానుడా?" అంది.

"కాదు. తిన్నాడా లేదా అనే."

అప్పటిదాకా తల వంచుకున్న అబ్బాయి కిటికీ వైపు తిరిగాడు. ఆ గొంతుని అతను కాల్ రోజు తర్వాత వినడం అదే మొదలు.

ఆ సగం ప్రశ్న దగ్గర నేను రికార్డింగ్ ఆపాను. "ఇంకొక విషయం ఆంటీ, మీ ఇంట్లో ఎవరికైనా" అని చెప్పి, అక్కడ అతను ఆగాడని చెప్పి, "ఏమీ లేదు, వదిలేయండి" అని పూర్తి చేశాను. మేనేజర్ పెన్ను ఆగింది.

"ఇది వాక్యం కాదు కదా," అంది నాతో. "అతను ఏం అడగబోయాడో దీన్నిబట్టి చెప్పలేం. కాదా?"

ఆమెకు కూడా అతన్ని ఉద్యోగంలోంచి పంపేయాలని లేదు. నేను చెప్పలేమంటే ఆమె తలూపి ముందుకు వెళ్ళేది. టీమ్ లీడర్ నా వైపే చూస్తున్నాడు.

"మాటల్ని బట్టి చెప్పలేం," అన్నాను. "కానీ ఇది రికార్డులో ఉంది. ఇది ఏమిటో అతన్నే అడగండి."

మేనేజర్ అడిగింది. అబ్బాయి నా వైపు తిరిగాడు. తర్వాత నాతో, తెలుగులో, "మీరే చెప్పండి ఆంటీ" అన్నాడు. చెప్పాను. మనలో ఒక ఇంటి పెద్దావిడ వింటుండగా, ఆ ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికి రావచ్చా అని పిల్లవాడు అడగడం శాపం పెట్టినట్టు ఉంటుందని చెప్పాను. చెప్తున్నంతసేపూ అది ఇంగ్లీషులో ఎంత పేలవంగా ఉందో నాకే వినబడింది. మేనేజర్ శ్రద్ధగా వింది. టీమ్ లీడర్, "మా అమ్మకీ ఆ బటన్ ఉంది. నేను ఎవర్నయినా అడుగుతాను" అన్నాడు. అతను వాదించడానికి అనలేదు. అతని అమ్మ గుర్తొచ్చి అన్నాడు.

"అంటే నువ్వు మర్చిపోలేదు," అంది మేనేజర్.

"లేదు," అన్నాడు అబ్బాయి.

ప్రశ్న అడగనందుకు హెచ్చరిక. అబద్ధపు సంతకానికి ఉద్యోగం నుంచి తొలగింపు. ఉత్తరం ఆ వారంలోనే వచ్చింది. పై అధికారికి విన్నవించుకోవడానికి కొంత గడువు ఇచ్చారు. అదే వారం ఇంకో నోటీసు వచ్చింది: ఇకపై కాల్స్ అన్నీ ఇంగ్లీషులోనే జరగాలి. నేను మేనేజర్‌కి రాశాను. ప్రశ్నను తెలుగులో వేరేలా అడగవచ్చు, "పెద్దవాళ్ళు మెడలో బటన్ వేసుకుంటారా?" అంటే ఎవరూ నొచ్చుకోరు, హిందీకీ, ఇక్కడి దీవులవాళ్ళు మాట్లాడే సమోవన్‌కీ కూడా అలాంటిది తయారు చేయించండి అని. మంచి సూచన అని జవాబు వచ్చింది. నోటీసు అలాగే ఉంది.

అబ్బాయి హెడ్‌సెట్ అప్పగించడానికి వచ్చిన రోజు నా బల్ల దగ్గర ఆగాడు.

"ఆ కాల్‌కి ఎన్ని మార్కులు వేసిన్రు ఆంటీ?"

"సున్నా."

"మోడెమ్ ముచ్చట మొత్తం కరెక్టే కదా?"

"మొత్తం కరెక్టే."

"అయినా సున్నానే."

"అయినా సున్నానే."

తలూపాడు. "వేరేవాళ్ళు అయితే ఓ పది వేసేటోళ్ళు" అన్నాడు, ఎప్పుడూ ఎగతాళి చేసే గొంతుతోనే. వెళ్ళిపోయాడు.

నేను తప్పు చేశానని ఇది రాయడం లేదు. ఆ ముక్కను వదిలేసి ఉంటే, టైల్స్ మీద పడి బటన్ నొక్కుతూ ఉన్న ఆవిడకు ఏం జరిగిందో ఆ కాగితంలో సగమే ఉండేది. రాయడమే సరైనదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. సరైన పని చేస్తే మనసు తేలికపడుతుందని చిన్నవాళ్ళకు మేం చెప్తూ ఉంటాం. దానికీ దీనికీ సంబంధం లేదు.

అనువాదం కాపీ టకానిని ఇంటికి కూడా వెళ్ళింది. గడువు ఇంకా ఉండగానే ఆ కోడలు నాకు ఫోన్ చేసింది. ఈ దేశంలో తెలుగువాళ్ళ నంబర్లు తెలుసుకోవడం కష్టం కాదు. కంపెనీ సంగతి నేను మాట్లాడకూడదని ముందే చెప్పాను.

"కంపెనీ సంగతి కాదాంటీ. మీరు రాసిన కాగితంలో ఒకచోట చుక్కలున్నాయి. ఆ అబ్బాయి ఏం అడగబోయాడు?"

అతను మీటింగులో ఒప్పుకున్నదే కాబట్టి చెప్పాను. అత్తగారు పక్కనుంటే అడగలేకపోయాడని కూడా చెప్పాను.

"అడిగుంటే కడిగిపారేసేదాన్ని ఆంటీ," అంది. "ఆవిడ ఆస్పత్రి నుంచి వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. ఇదేం మాటయ్యా అని ఫోన్ పెట్టేసేదాన్ని. మళ్ళీ చేసి అతని మీద కంప్లయింటు కూడా ఇచ్చేదాన్ని."

"ఈ మాటలు కాగితం మీద పెట్టి కంపెనీకి పంపగలరా?" అన్నాను. "ఆ అబ్బాయికి ఇంకా గడువుంది. వీసా ఈ ఉద్యోగం మీదే ఉంది. మీరు రాస్తే వాళ్ళు మళ్ళీ ఆలోచించవచ్చు."

"నేను రాసింది మా ఆయన చూస్తారు," అంది.

నేను ఫోన్‌ని రెండో చెవికి మార్చుకున్నాను.

"మా ఆడపడుచు చూస్తుంది. ఫోన్ పోతే పోనీ అన్నది నేనే. అది కూడా మీరు రాశారు. తప్పు ఆ అబ్బాయిది అనుకున్నాక ఈ మధ్యే ఇంట్లో అందరం ఒక బల్ల దగ్గర కూర్చుని తింటున్నాం ఆంటీ. నేను రాయలేను."

"సరేనమ్మా," అన్నాను.

ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు. ఆ అబ్బాయిది ఏ ఊరని అడిగింది. చెప్పాను.

"వాళ్ళమ్మ ఉందా?"

ఉందన్నాను.

"పోనీలెండి," అంది. "అమ్మ దగ్గరికే కదా వెళ్తాడు."